మన ప్రాంతపు కళా పత్రాలు – దాచడం, పంచడం



పదవీ విరమణ తరువాత నేను ఒక పని పెట్టుకున్నాను. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల ఆలయ శిల్పాల ఫోటోలు, శాసనాల నకళ్ళు, నాటకాల కరపత్రాలు, తిరునాళ్ళ ఆహ్వాన పత్రికలు సేకరించి, స్కాన్ చేసి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ఉంచుతున్నాను. “ఈ వయసులో ఇదెందుకండీ?” అని అడిగే మిత్రులకు చరిత్రే జవాబు చెబుతుంది.

స్కాట్లండు నుండి 1783లో మద్రాసు వచ్చిన కాలిన్ మెకంజీ కంపెనీ వారి సైన్యంలో ఇంజనీరు. 1794లో ఆయన శ్రీశైలం చూసి వ్రాసిన వ్యాసం 1798లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’లో అచ్చయింది. దోర్నాల దారిన శ్రీశైలం వెళ్ళే మనకు ప్రాకారం మీది శిల్పాలు తెలిసినవే. రెండు వందల ఏళ్ళ క్రితమే ఆయన వాటిని వర్ణించారు. ఆయనకు దేశభాషల జ్ఞానం అందించినవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య మరణించాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించారు. గ్రామ కరణాల వద్ద నుండి వారు సేకరించిన ఊళ్ళ చరిత్రలే కైఫీయత్తులు.

1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణను కంపెనీ కొన్నది. 1828లో విల్సన్ ప్రచురించిన పట్టిక ప్రకారం అందులో 8,076 శాసనాల నకళ్ళు, 2,630 చిత్రాలు ఉన్నాయి. అమరావతి స్తూపపు శిల్పాలను 1816 నుండి ఆయన గీయించారు. ఆ తరువాత కొన్ని రాళ్ళు కనబడకుండా పోయాయి. వాటి రూపం ఈనాడు మనకు తెలిసేది ఆ కాగితాల వల్లనే. రాయి పోయినా కాగితం మిగిలింది. మద్రాసులో శిథిలమవుతున్న స్థానిక చరిత్రలకు తరువాత బ్రౌన్ దొర మళ్ళీ నకళ్ళు వ్రాయించారు. ఒకే ప్రతి ఉంటే దానికి ఎప్పుడూ గండమే.

మన ప్రాంతానికి మరో చిక్కు ఉంది. కంభం, మార్కాపురం తాలూకాలు 1858కు ముందు కడప జిల్లాలోనివి. ఆ ఏడాది కర్నూలులో కలిశాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అందులో చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. కాబట్టి మన ఆలయాల సంగతులు ప్రకాశం పేరు కింద వెదికితే దొరకవు. పాత కడప, కర్నూలు సంపుటాలు తిరగేయాలి. అందుకే నేను ప్రతి కాగితానికీ ఊరు, సంవత్సరం, ఇచ్చినవారు, ఆ కాలపు జిల్లా, తాలూకా తప్పకుండా వ్రాస్తున్నాను. ఆఫీసులో ఫైలుకు నంబరు వేసిన చేయి కదా, ఇది మనకు కొత్త కాదు!

దీనికి పెద్ద ఖర్చు లేదు. మనుమడి సెల్‌ఫోను చాలు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట ఉచితంగా ఉంచవచ్చు. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి వేరే ఊరిలో బిడ్డల దగ్గర ఉంచాలి. కాపీహక్కు మాత్రం మరువరాదు. మన దేశంలో రచనకైనా, చిత్రానికైనా కర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. అంతకంటె కొత్తవైతే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.

మార్కాపురం పలక మీద రాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇల్లు మారినప్పుడు, పెద్దలు కాలం చేసినప్పుడు మన ట్రంకుపెట్టెల్లోని కాగితాలకూ అదే గతి పడుతోంది. పాత సామానువాడికి తూకానికి వేసే ముందు ఒక్కసారి చూడండి. మీ తండ్రిగారు వేషం కట్టిన నాటకపు కరపత్రం అందులో ఉండవచ్చు. అసలు కాగితం మీ ఇంటనే భద్రంగా ఉంచండి. ఫోటో తీసి, దాని వివరం తెలిసిన పెద్దలు ఉండగానే వెనుక వ్రాయించండి. వివరం లేని ఫోటో చిరునామా లేని ఉత్తరం వంటిది.