బ్యాట్ పట్టక్కర్లేదు.. టీమ్‌ని నడపాలంతే! జీఎం మోడ్ గేమ్స్ అంటే ఏంటి? ఫాంటసీ యాప్‌లకీ వీటికీ తేడా ఎక్కడ?

ఐపీఎల్ వేలం వచ్చిందంటే భీమవరం, రాజమండ్రి, అమలాపురం.. ఏ ఊరి టీ కొట్టు దగ్గర చూసినా అందరూ టీమ్ ఓనర్లే. "ఆడికి అంతెందుకెట్టేశారండీ? ఆ డబ్బుతో ఇద్దరు మంచి బౌలర్లు వచ్చేసేవోరు కదా" అనే మాట వినబడాల్సిందే. సరిగ్గా ఈ ఆలోచన మీదే నడిచే వీడియో గేమ్స్ ఉన్నాయి. వీటిలో బ్యాట్ ఊపే పని లేదు, గోల్ కొట్టే పని లేదు. టీమ్‌ని తయారుచేసి, నడిపించడమే ఆట.

ఏంటీ జీఎం మోడ్?

జీఎం అంటే జనరల్ మేనేజర్. అమెరికాలో బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ లాంటి ఆటల్లో ప్రతి జట్టుకూ ఈ పోస్టు ఉంటుంది. ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలి అన్నది చూసేది ఆయనే. మైదానంలో వ్యూహం చూసుకోవడానికి కోచ్ వేరే ఉంటాడు. ఫుట్‌బాల్ గేమ్స్‌లో మాత్రం ఈ రెండు పనులూ మేనేజర్ చేతిలోనే ఉంటాయి.

ఎన్‌బీఏ 2కే, మ్యాడెన్ గేమ్స్‌లో ఇలా జట్టును నడిపే మోడ్‌లు ఉన్నాయి. ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీలో మేనేజర్ కెరీర్ ఉంది. మొత్తం ఆటే మేనేజ్‌మెంట్‌గా ఉండే గేమ్స్‌లో ఫుట్‌బాల్ మేనేజర్ బాగా ఫేమస్. క్రికెట్ ఇష్టపడేవాళ్ల కోసం క్రికెట్ కెప్టెన్ ఉంది. అందులో ఫీల్డింగ్ సెట్ చేయడం, బౌలర్‌ని మార్చడం, బ్యాటర్ ఎంత దూకుడుగా ఆడాలో చెప్పడం వరకే మన పని. బంతి ఎటు పోతుందన్నది గేమ్ లెక్క.

ఎప్పుడు మొదలైంది?

1982లో బ్రిటన్‌కు చెందిన కెవిన్ టామ్స్ 'ఫుట్‌బాల్ మేనేజర్' పేరుతో ఓ గేమ్ తీసుకొచ్చారు. తర్వాత పాల్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన 'చాంపియన్‌షిప్ మేనేజర్' 1992లో వచ్చింది. వాళ్ల కంపెనీ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ 2004 నుంచి ఫుట్‌బాల్ మేనేజర్ పేరుతో గేమ్ విడుదల చేస్తోంది. 2025 ఎడిషన్‌ని మాత్రం కంపెనీ మధ్యలోనే రద్దు చేసుకుంది. 2025 నవంబర్‌లో వచ్చిన ఎఫ్‌ఎం 26లో మహిళల ఫుట్‌బాల్‌ను తొలిసారి చేర్చారు.

రొయ్యల చెరువు లెక్కే!

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ గేమ్ ఈజీగా అర్థమవ్వాలంటే రొయ్యల చెరువు గుర్తు తెచ్చుకుంటే చాలు. మంచి సీడ్ ఎక్కడ దొరుకుతుంది, మేతకి ఎంత పెట్టాలి, ఎప్పుడు పట్టుబడి చేయాలి.. ఒక్క లెక్క తప్పినా పంట పోతుంది. ఇక్కడా అంతే. కుర్రాళ్లని తక్కువ ధరకి తెచ్చుకోవాలి, శిక్షణ ఇవ్వాలి, మంచి రేటు వచ్చినప్పుడు అమ్మాలా ఉంచుకోవాలా తేల్చుకోవాలి.

ఫుట్‌బాల్ మేనేజర్‌లో ఆటగాడి ఒక్కో నైపుణ్యానికి 1 నుంచి 20 వరకు మార్కులుంటాయి. అతను ఎంతవరకు ఎదగగలడన్న నంబర్ మాత్రం కనిపించదు. స్కౌట్ రిపోర్టులు చూసి అంచనా వేసుకోవాల్సిందే. ఫలితాలు రాకపోతే బోర్డు ఉద్యోగం పీకేస్తుంది కూడా.

మన ఐపీఎల్‌లోనూ ఇదే

2025 మెగా వేలంలో ఒక్కో జట్టు పర్సు రూ.120 కోట్లు. జట్టులో కనీసం 18, గరిష్ఠంగా 25 మంది ఉండాలి. విదేశీయులు ఎనిమిది మందికి మించకూడదు. రిషబ్ పంత్‌కి లక్నో పెట్టిన రూ.27 కోట్లు ఆ పర్సులో దాదాపు 22 శాతం. ఆ సీజన్‌లో లక్నో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది.

ఇంకోవైపు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ తీసుకున్నది రూ.20 లక్షలకే. 2024లో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. దాంతో 2025 సీజన్‌కి రూ.6 కోట్లిచ్చి ఉంచుకున్నారు. అయితే ఆ ఏడాది అదే స్థాయి ఆట కనబడలేదు. ఒక్క సీజన్ చూసి ధర కట్టడంలో ఉండే రిస్క్ ఇదే. గేమ్‌లోనూ చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో ఇప్పుడు భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్ జట్లున్నాయి కాబట్టి ఈ లెక్కలు మన ఊరి దాకా వచ్చినట్టే.

ఫాంటసీ యాప్‌లకీ వీటికీ తేడా ఏంటి?

అసలు విషయం ఇదే. రెండింట్లోనూ టీమ్ ఎంచుకోవడం ఉంది కదా అని ఒకటే అనుకుంటే పొరపాటు. ఫాంటసీలో ఎంచుకున్న పదకొండు మంది ఆ రోజు మ్యాచ్‌లో ఎలా ఆడితే అన్ని పాయింట్లు. మ్యాచ్‌తోనే కథ ముగిసిపోతుంది. డబ్బులు కట్టి ఆడితే అవి పోవచ్చు కూడా. జీఎం గేమ్‌లో టీమ్‌తో సీజన్ల తరబడి ఉండాలి. ఓడిపోతే పోయేది గేమ్‌లోని ఉద్యోగమే, ఇంట్లో డబ్బు కాదు.

సంక్రాంతి బరుల దగ్గర చూసేవాళ్లకి ఈ తేడా తెలిసిందే. ఏడాది పొడవునా పుంజుని మేపి పెంచేవాడు వేరు, బరి పక్కన నిలబడి నోటు చూపించేవాడు వేరు.

చట్టం కూడా డబ్బు దగ్గరే గీత గీసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధించారు. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బుతో ఆడే గేమ్స్ నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అని అందులో ఉంది. ఆ వెంటనే డ్రీమ్ 11 డబ్బు కాంటెస్టులు ఆపేసింది. ఈ-స్పోర్ట్స్, సోషల్ గేమ్స్‌ని మాత్రం అదే చట్టం ప్రోత్సహిస్తామంటోంది.

కెరీర్‌కి పనికొస్తుందా?

ఫుట్‌బాల్ మేనేజర్ ఆడుతూ పెరిగిన విల్ స్టిల్ 2022లో ఫ్రాన్స్ క్లబ్ రీమ్స్‌కి కోచ్ అయ్యాడు. వరుసగా 17 లీగ్ మ్యాచుల్లో జట్టు ఓడలేదు. అతనికి తగిన లైసెన్స్ లేదని క్లబ్ మ్యాచ్‌కి 25 వేల యూరోల ఫైన్ కట్టింది. అయితే గేమ్ ఆడేసి నేరుగా ఆ కుర్చీలో కూర్చోలేదు. కోచింగ్ చదివాడు, వీడియో అనలిస్ట్‌గా పనిచేశాడు. గేమ్ ఆసక్తి పెంచుతుంది, డేటా చదవడం అలవాటు చేస్తుంది. ఉద్యోగానికి చదువూ అనుభవమూ కావాల్సిందే.

మొబైల్‌లో ఆడాలంటే..

ఎఫ్‌ఎం మొబైల్ 2024 ఎడిషన్ నుంచి నెట్‌ఫ్లిక్స్ సబ్‌స్క్రిప్షన్‌తో వస్తోంది. క్రికెట్ కెప్టెన్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ ఉంది. టాప్ ఎలెవెన్ ఫ్రీగానే దొరుకుతుంది కానీ, తొందరగా ఎదగాలంటే టోకెన్లు కొనమంటుంది. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేముందు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టుకోవడం మంచిది.

కొత్తవాళ్లు పెద్ద క్లబ్ జోలికి పోకుండా చిన్న టీమ్‌తో మొదలుపెట్టడం బెటర్. పర్సు తక్కువుంటేనే ప్రతి రూపాయికీ లెక్క తెలుస్తుంది.