పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

నీటి సమస్య మీద విశ్వవిద్యాలయాలు పెట్టే సదస్సుల్లో ఇప్పుడు ఇంజినీరు పక్కన భూగర్భ శాస్త్రవేత్త, ఆర్థికవేత్త, న్యాయ నిపుణుడు, చరిత్రకారుడు కూడా కూర్చుంటున్నారు. ఇదేదో నిన్నమొన్న పుట్టిన పోకడ అని చాలామంది అనుకుంటారు. అలాంటివాళ్లు కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం ముందు నాటించిన రెండు రాతి పలకల మీద ఏముందో ఒకసారి చూడాలి.

అది శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి తూర్పు సీమను ఏలిన భాస్కరుడు వేయించాడు. భవదూరుడని అతనికి ఇంకో పేరుంది. కొండలను కలుపుతూ కట్టలు వేసి, అనంతరాజసాగరమనే చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అంటూ లెక్క కూడా రాయించాడు. దాతను ఆకాశానికెత్తే శాసనాలు మనకు కొల్లలు. పనిలెక్క చెప్పేవే అరుదు.

అసలు విశేషం అది కూడా కాదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని శాసనం వరుసపెట్టి చెబుతుంది. ధర్మబుద్ధి, సంపద, కీర్తికాంక్ష ఉన్న రాజు మొదటివాడు. జలశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు రెండోవాడు. ఆ తర్వాతివాటిలో ముఖ్యమైనవి గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, కట్టను ఆనించడానికి కొండలు, మరీ పొడవు లేని గట్టి రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, దగ్గరలోనే నిడుపాటి రాళ్లు దొరికే గని, చదునైన సారవంతమైన పొలాలు, చివరకు కట్టుబడి తెలిసిన పనివాళ్ల బృందం. నేల, ఏరు, రాయి, పొలం, డబ్బు, పనితనం అన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి. రాజును ముందు నిలిపారేమిటని విసుక్కోనక్కర్లేదు. ఖజానా తలుపు తీసేది అతనే కదా.

ఆరు దోషాలు ఇంకా ఆసక్తికరం. కట్ట నీరూరడం, నేల చవుడు కావడం, చెరువు గర్భం మధ్యలో తాబేటి వీపులా మెట్ట లేవడం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఈ అయిదూ ఏ సాగునీటి ఇంజినీరైనా ఒప్పుకునేవే. మిగిలిన ఒక్కటి రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఇది ఇంజినీరు చేతిలో లేని దోషం.

తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్టను చూస్తే ఆ మాట ఎంత ముందుచూపుతో అన్నదో తెలుస్తుంది. 1956లో రాష్ట్రాల హద్దులు మారాక ఆనకట్ట కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉండిపోయింది. ఆయకట్టులో చాలా భాగం, దాదాపు 87,500 ఎకరాలు, గద్వాల, అలంపూర్ ప్రాంతంలో ఉంది. కేటాయించిన 15.9 టీఎంసీలు చివరి పొలాలదాకా రావడంలేదని అక్కడి రైతులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. కర్నూలువైపు రైతులతో తూముల దగ్గర తగాదాలు వేరు.

ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటిలో ప్రకటించిన వి.ఎస్. సుక్తంకర్ ఇంజినీరు కాడు, భాషా పండితుడు. తర్వాతి కాలంలో పుణె భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకత్వం వహించినవాడూ ఆయనే. సాగునీటి చరిత్రలో ఒక ముఖ్యమైన పత్రం ఇలా సంస్కృత పండితుడి చేతుల మీదుగా బయటపడింది.

అయితే రాయి చెప్పనివీ ఉన్నాయి. చెరువు కట్టడం ఒక ఎత్తు, దాన్ని ఏటా కాపాడుకోవడం ఇంకో ఎత్తు. తూము తీసి, మడి మడికీ వంతు ప్రకారం నీళ్లు వదిలే నీరుగంటి శాసనంలో కనబడడు. చెరువును బాగుచేసినవాళ్లకు భూమి ఇచ్చే దశబంధం మాన్యాలు రాయలసీమంతటా ఉండేవి. ఊరంతా కట్ట మీదికి కదిలే అలవాటు సన్నగిల్లాక, కట్ట తెగే ప్రమాదంలో జనాన్ని పనికి రప్పించడానికి మద్రాసులో 1858లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

కట్ట తెగుతుందన్న భయం ఎంతటిదో అనంతపురం వైపు ముసలమ్మ కథ చెబుతుంది. బుక్కరాయసముద్రం చెరువుకట్ట గండి పడబోతే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే ఇంటికోడలు ప్రాణమిచ్చిందని కథ. విద్యార్థిగా ఉన్న రోజుల్లో దాన్ని కావ్యంగా రాసిన కట్టమంచి రామలింగారెడ్డి, 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి అయ్యాడు.

భాస్కరుడి పన్నెండింటిలో పనివాళ్లు చివరి వరుసలోనైనా ఉన్నారు. ఇకమీదట నీటి సదస్సులు పెట్టే విశ్వవిద్యాలయాలు వేదిక మీద ఒక కుర్చీ నీరుగంటి కుటుంబాల వాళ్లకూ వేయాలి. ఏ తూము ఎప్పుడు తీయాలో, ఏ ఏడు ఎవరికి ఎంత వంతు వచ్చిందో రాతలో లేని సంగతులు వాళ్ల దగ్గరే మిగిలి ఉన్నాయి.