కావలి కాచినవాడు: ప్రళయకావేరి ఒడ్డున పోలీసు గ్రాంట్ల చరిత్ర

సాహిత్య పత్రికలో పోలీసు గ్రాంట్ల చరిత్ర ఎందుకని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కథల్లో మనం చూసే 'దొంగ' పాత్రను రచయితే సృష్టిస్తాడనుకోవడం మన భ్రమ. రచయిత కలం పట్టకముందే ఆ పాత్రకు పేరూ కులమూ రూపురేఖలూ సిద్ధం చేసిపెట్టేది రాజ్యం. ఆ పనికి పెట్టుబడి ఉంటుంది; దాని పేరు గ్రాంటు. ఆ పని నేర్పే బడి ఉంటుంది. దాని పేరు శిక్షణ. పని మెచ్చుకోదగ్గట్టు చేసినవాడికి పతకం కూడా ఉంటుంది. ఈ మూడూ ఎవరి చేతికి అందాయి, ఎవరి గుమ్మం దాటిపోయాయి అన్న సంగతి ప్రళయకావేరి ఒడ్డున నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది.

పటాల్లో పులికాట్ అని రాసే ఉప్పునీటి సరస్సును ఆ ఒడ్డు జనం ప్రళయకావేరి అంటారు. తడ, సూళ్ళూరుపేట, శ్రీహరికోట దాని చుట్టూ ఉన్నాయి. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన ప్రాంతమిది. నేను ఆ ఒడ్డున పుట్టినవాణ్ణి. మా తాత గ్రామ మునసబు. మా ఊరి కావలి ఒక యానాది. నాకు ఎనిమిదేళ్ళు, అతనికి అరవై పైన. అతన్ని నేను 'ఒరే' అనేవాణ్ణి. అతను నన్ను 'సామీ' అనేవాడు. పాము కరిచినా, గొడ్డు తప్పిపోయినా, కళ్ళంలో వడ్లకు కాపలా కావాలన్నా ఊరంతా అతన్నే పిలిచేది.

1962లో ఒక రాత్రి ఒక రైతు కళ్ళంలో వడ్లు పోయాయి. తెల్లవారి అరుగు మీద కూర్చున్న కానిస్టేబులుకు మా తాత ఒక చీటీ రాసి పంపాడు. ఆ చీటీ పట్టుకుపోయి ఇచ్చింది నేను. అందులో ఉన్నది కావలివాడి పేరు. రెండు రోజుల తర్వాత అతను కుంటుకుంటూ తిరిగివచ్చాడు. వడ్లు ఆ రైతు బావమరిది ఇంట్లో దొరికాయి. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసింది. కావలివాడి దగ్గరికి పోయి ఒక్క మాట అన్నవాడు మాత్రం లేడు. మళ్ళీ ఆ రాత్రే అతను కళ్ళం కాయడానికి వచ్చాడు.

కావలి కాచేవాడే మొదటి దొంగ ఎలా అయ్యాడు? ఈ ప్రశ్నకు జవాబు మా తాత స్వభావంలో దొరకదు. ఆయన తన కాలానికి మంచివాడే. జవాబు చరిత్రలో ఉంది.

*

కంపెనీ పాలనకు ముందు దక్షిణ దేశంలో ఊరి కాపలా కావలి పద్ధతి మీద నడిచేది. కావలివాడికి పంటలో మేర ముట్టేది. సొత్తు పోతే వెతికి తేవాలి, లేదా నష్టం తానే కట్టుకోవాలి. చిన్న ఊళ్ళ కావలి అడుగుజాడలు పట్టగల యానాదులవంటి వారి చేతుల్లో ఉండేది. పెద్ద కావలి హక్కులు పాళెగాళ్ళ చేతుల్లో ఉండేవి. ఇది న్యాయమైన వ్యవస్థ అని నేననను. పాళెగాడి కావలి చాలాచోట్ల దోపిడీకి మరో పేరు. కానీ ఆ వ్యవస్థలో ఊరి కావలివాడికి ఒక హక్కు ఉండేది, దాని వెంట ఒక బాధ్యత ఉండేది.

1802 రెగ్యులేషనుతో కంపెనీ పాళెగాళ్ళ పోలీసు అధికారాన్ని రద్దుచేసి దారోగాలను పెట్టింది. చిత్తూరు పాళెగాళ్ళను అణచింది కూడా ఆ సంవత్సరాల్లోనే. దారోగాలు పనికిరారని తేలాక, మన్రో నడిపిన కమిషను ఫలితంగా 1816లో పదకొండో రెగ్యులేషను వచ్చి ఊరి పెద్దకు పోలీసు అధికారమిచ్చింది. మా తాత చీటీకి మూలపురుషుడు ఆ చట్టమే. 1859లో మద్రాసు పోలీసు చట్టంతో జీతం తీసుకునే కానిస్టేబులు వచ్చాడు. ఖజానా డబ్బు అతనికి మళ్ళింది. కావలివాడు మేర కోల్పోయాడు కాని పని కోల్పోలేదు. హక్కు పోయి చాకిరీ మిగిలింది. చాకిరీ మాత్రమే మిగిలినవాణ్ణి అనుమానించడం ఎంత సులువో భూస్వామ్య గ్రామం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

సరస్సుకు అవతల శ్రీహరికోటలో ఇంకో కథ నడిచింది. 1835లో ప్రభుత్వం ఆ దీవిని తన చేతిలోకి తీసుకుంది. మద్రాసు నగరపు పొయ్యిలకు కట్టెలు కావాలి. అడవి సర్కారుదయింది, అడవిలో పుట్టిన యానాది తేనె, వేర్లు, చింతపండు ఏరి సర్కారుకిచ్చి బదులుగా గింజలూ గుడ్డా పుచ్చుకునే కూలివాడయ్యాడు. నిన్నటిదాకా అతని ఇల్లయిన చోట ఇవాళ కట్టె కొడితే నేరం. నేరం పెరగలేదు, నేరపు నిర్వచనం పెరిగింది.

*

ఇక శిక్షణ సంగతి. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ మన కులాల ముక్కులూ తలలూ కొలిచి 1909లో ఏడు సంపుటాలు ప్రకటించాడు. అంతకుముందు 1901లో ఆ మ్యూజియమే రంగారావు రాసిన నెల్లూరు యానాదుల చరిత్రను అచ్చువేసింది. ఈ పుస్తకాల్లో ఆచారాలు, పాటలు, పెళ్ళిళ్ళు అన్నీ ఉన్నాయి. వాటిని మనం ఇప్పటికీ జానపద విజ్ఞానంగా చదువుకుంటున్నాం. ఆ థర్‌స్టనే పోలీసు అధికారులకు మనిషిని కొలిచే విద్య మీద పాఠాలు చెప్పాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఒకే కొలబద్ద ఉదయం శాస్త్రానికీ సాయంత్రం ఠాణాకూ పనికివచ్చింది.

1902-03లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన పోలీసు కమిషను కూర్చుంది. పోలీసులు అవినీతిపరులనీ ప్రజలకు వారంటే భయమనీ ఆ కమిషనే ఒప్పుకుంది. మందుగా చెప్పింది మెరుగైన జీతాలు, శిక్షణ పాఠశాలలు, నేరపరిశోధన శాఖ. మన ప్రాంతపు పోలీసులకు శిక్షణ రాయవెల్లూరులో. 1909లో రాజు పేరిట పోలీసు పతకం పెట్టారు. 1932లో ఇండియన్ పోలీసు మెడల్ వచ్చింది. జీతం, బడి, పతకం మూడూ అమరాయి. శిక్షణ పొందిన చేతికి ఇప్పుడు పని కావాలి. ఆ పనిని 1911 చట్టం ఇచ్చింది.

ఉత్తరదేశంలో 1871 నుంచే అమల్లో ఉన్న నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించింది. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే, ఏప్రిల్ 1న. ప్రభుత్వం ఒక జాతిని నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు. వేలిముద్రలు వేయాలి, హాజరు చెప్పాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా అందులో ఉంది.

ఇక్కడ ఒక వ్యక్తి జీవితాన్ని గమనించాలి. హెరాల్డ్ స్టూవర్ట్ 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కల అధికారి. చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్‌ను సవరించి మళ్ళీ అచ్చువేయించింది కూడా ఆయనే. తర్వాత మద్రాసు పోలీసు అధిపతి, ఆపైన గవర్నరు కౌన్సిలు సభ్యుడు. బాపట్ల దగ్గర 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఎరుకలవారికోసం నెలకొల్పిన సెటిల్‌మెంటుకు ఆయన పేరే పెట్టారు. అదే స్టూవర్టుపురం. కులాలను లెక్కపెట్టినవాడు, పోలీసును నడిపినవాడు, చివరకు ఊరిపేరై నిలిచినవాడు ఒక్కడే. పతకాలలో ఇంతకంటె చిరకాలం నిలిచింది మరొకటి నాకు కనబడలేదు.

సెటిల్‌మెంటు అంటే ఏమిటి? భూమీ గ్రాంటూ ప్రభుత్వానివి, నిర్వహణ మిషనరీలది, శ్రమ ఎరుకలవారిది. కావలి పట్టణంలో అమెరికన్ బాప్టిస్టు మిషను కూడా అలాంటిదే నడిపింది. కాపలా అనే అర్థమున్న పేరుగల ఊళ్ళోనే మనుషుల్ని కాపలాలో పెట్టారు! ఎరుకలవారు నేరస్థులెలా అయ్యారో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో చక్కగా నిరూపించారు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి అమ్ముకున్న సంచార వర్తకులు వారు. రైలు వచ్చి రవాణాను లాక్కుంది; సర్కారు ఉప్పు గుత్తాధిపత్యం సరుకును లాక్కుంది. బతుకుతెరువు పోయినవాళ్ళను పుట్టు దొంగలన్నారు. సెటిల్‌మెంటులో సంస్కరణ పేరిట వారి శ్రమ చీరాల పొగాకు కంపెనీకి చేరింది. ఇచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు.

*

ఈ చరిత్రకు మన సాహిత్యంలో సాక్షి ఒకడున్నాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని రాయవెల్లూరు జైలులో రాశాడు. పోలీసులకు నేరస్థుణ్ణి గుర్తుపట్టడం నేర్పిన ఊళ్ళోనే, గోడకు అవతల, ఒక ఖైదీ ఆ నేరస్థుడు ఎలా తయారవుతాడో రాశాడు. రామదాసు కుటుంబాన్ని సెటిల్‌మెంటుకు తోలిన ఘట్టం ఆ నవలలో ఉంది. కష్టజీవి, భక్తుడు, ఎవరికీ అపకారం చేయని రామదాసు ప్రభుత్వ రికార్డులో నేరస్థుడు. ప్రభుత్వం ఆ నవలను నిషేధించడంలో ఆశ్చర్యం లేదు. విమర్శకులు 'మాలపల్లి'లో గాంధీయిజం పాలెంత, బోల్షివిజం పాలెంత అని తూచడానికే ఎక్కువ సిరా ఖర్చుపెట్టారు. సెటిల్‌మెంటు ఘట్టాన్ని కథ మలుపుగా చదివి ముందుకు సాగిపోయారు. నేనూ విద్యార్థిగా అలాగే చదివాను. మా ఊరి కావలివాడు నాకు అప్పుడు గుర్తురాలేదు.

ఈ చట్టం మీద పోరాడినవారిలో నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్యను మొదట చెప్పుకోవాలి. యానాదులను సంఘంగా కూర్చి, వారి జీవితం మీద గ్రంథం రాసి, జీవితమంతా ఆదిమజాతుల కోసం వెచ్చించాడు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. స్టూవర్ట్ పేరు ఊరై నిలిచింది. రాఘవయ్య పేరు మన సాహిత్య విద్యార్థుల్లో ఎందరికి తెలుసు?

మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని రద్దుచేసింది. దేశమంతటి విషయం పరిశీలించడానికి 1949లో కేంద్రం నియమించిన సంఘానికి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. చట్టం రద్దుకావాలనీ, ఈ జాతుల పునరావాసానికి కేంద్రం ధారాళంగా డబ్బివ్వాలనీ ఆ సంఘం చెప్పింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అదే సంఘం అలవాటు నేరస్థుల కోసం వేరే చట్టం ఉండాలని కూడా చెప్పింది. మద్రాసులో 1948లోనే అలాంటిది వచ్చింది; ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. నేను చీటీ మోసిన ఏడే అది. కాగితం మీద ఇప్పుడు నేరం జాతిది కాదు, మనిషిది. ఠాణా రిజిస్టరు తిరగేసే చేతికి మాత్రం పాత పేజీలే అలవాటు. జైలు మాన్యువళ్ళలో కులాన్నిబట్టి పని పంచే నియమాలను, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే మాటలను సుప్రీంకోర్టు కొట్టివేయడానికి 2024 అక్టోబరు 3 దాకా పట్టింది.

*

గ్రాంట్ల కథ ముగియలేదు. పోలీసు దళాల ఆధునికీకరణ పథకం 1969-70లో మొదలైంది. 1951లో రాష్ట్రపతి పేరిట కొత్త పతకాలు వచ్చాయి. శిక్షణ కళాశాల ఇప్పుడు తిరుపతి దగ్గర కల్యాణి డ్యాం వద్దనే ఉంది. 2005 తర్వాత తీరరక్షణ పథకం కింద సముద్రపు ఒడ్డు పోలీసుస్టేషన్లకు పడవలూ భవనాలూ వచ్చాయి. 1971లో రాకెట్లు ఎగరడం మొదలైన శ్రీహరికోటకు గట్టి కాపలా ఉంది. ఒకనాడు ఆ దీవి ఆనుపానులన్నీ ఎరిగిన యానాదులు ఆ గేటు బయట ఉన్నారు.

రెండు అంకెలు చెబుతాను. 2022 ఫిబ్రవరిలో, ఒకే వారంలో, రెండు అయిదేళ్ళ పథకాలు వెలువడ్డాయి. పోలీసు ఆధునికీకరణకు 26,275 కోట్లు. దేశంలోని విముక్త, సంచార జాతుల ఆర్థికాభివృద్ధికి 200 కోట్లు. ఇవి ఒకే కోవవి కావన్న సంగతి నాకు తెలుసు. మొదటిదానిలో ప్రయోగశాలలూ ఉన్నాయి, సరిహద్దు సమస్యలూ ఉన్నాయి. యానాదుల వంటి షెడ్యూల్డు తెగలకు వేరే పద్దులు ఉన్నాయి. పోలీసుకు శిక్షణ వద్దని, మంచి ఠాణా వద్దని నేననను. తర్ఫీదులేని లాఠీ దెబ్బ తగిలేది ముందు పేదవాడికే. కాని కాపలాకూ, కాపలాకు గురైనవాడి బతుకుకూ రాజ్యం కట్టే వెలల మధ్య దూరం వలసపాలన నాడు ఏ దిక్కున ఉందో నేడూ ఆ దిక్కుననే ఉంది.

ఇందులో రచయితల వాటా మాటేమిటి? స్టూవర్టుపురం పేరును తెలుగు సినిమా 1991లోనూ వాడుకుంది, 2023లో ఆ ఊరి దొంగ కథనూ తెరకెక్కించింది. మన కథల్లో యానాది పాము పడతాడు, ఎలుకలు పడతాడు, దెబ్బలు తింటాడు, ఆలోచించడు. ఎరుకలసాని సోది చెప్పి పోతుంది. వాళ్ళకు మనం జాలిని గ్రాంటుగా ఇస్తున్నాం, ఖర్చు లెక్క మాత్రం మన దగ్గరే ఉంచుకుంటున్నాం. సానుభూతి చాలదు. ఆ పాత్ర మన చేతికి వచ్చేముందు ఎన్ని రిజిస్టర్లలో నమోదైవచ్చిందో తెలుసుకోవడం మన వృత్తిలో భాగం కావాలి. యానాదుల పిల్లలు, ఎరుకల పిల్లలు చదువుకుని తమ కథ తాము రాసుకుంటున్న రోజులివి. వారి రాతను ముందు చదవవలసింది మనం.

మా ఊరి కావలివాడు నేను కాలేజీలో ఉండగా చనిపోయాడు. ఆ చీటీలో ఏం రాసి ఉందో నాకు అప్పటికే చదవడం వచ్చు. దారిలో విప్పి చదివాను కూడా. చదివీ తీసుకుపోయి ఇచ్చాను.