చూసినందుకు కూలి
(చేతిలో ఉన్న చదువు – 6)

గత కాఫీ సీజన్‌లో జరిగిన సంగతితో మొదలుపెడతాను.

చింతపల్లికి పైన ఉన్న ఒక ఊళ్లో మా విద్యార్థి ఇంటికి వెళ్లాను. పళ్ల కోత జోరుగా సాగుతోంది. వాళ్ల చేతి పల్పర్ మాత్రం మొరాయించింది. తొక్క ఊడుతోంది, కానీ దాంతోపాటు గింజలూ తెగిపోతున్నాయి. కాఫీ పండును కోసిన రోజే పల్పింగ్ చేయాలి. లేదంటే బస్తాలో పులిసిపోతుంది. పల్పర్ పనిచేయకపోతే పళ్లను ఎండబెట్టి చెర్రీగానైనా అమ్ముకోవాలి, దళారి చెప్పిన రేటుకు పచ్చి పళ్లనైనా ఇచ్చేయాలి. ఎటు చూసినా పార్చ్‌మెంటు ధర రాదు.

కింద మైదానంలో ఒక షాపుకు మిషన్ మోసుకెళ్తే, విప్పకుండానే తీర్పు చెప్పారట. "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి."

ఆ సాయంత్రం పక్క ఊరి నుంచి ఒక కొండకమ్మర తాత వచ్చాడు. ముందు ఖాళీ మిషన్ తిప్పి చప్పుడు విన్నాడు. తర్వాత గుప్పెడు పళ్లు వేసి, బయటికొచ్చిన గింజల్ని అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే చూశాడు. గింజలన్నీ తెగలేదు. ఒక పక్క నుంచి వచ్చినవే తెగాయి. డ్రమ్ముకీ ఎదురు పలకకీ మధ్య సందు ఉంటుంది. అది మరీ ఇరుకైతే గింజ తెగుతుంది, వెడల్పైతే పండు పండులాగే బయటికి వస్తుంది. ఎప్పుడో పళ్లతో పాటు ఒక రాయి లోపల పడింది. ఆ దెబ్బకు పలక ఒక పక్కకు జరిగి బిగుసుకుపోయింది. తాత బోల్టులు వదులు చేసి, డబ్బా రేకు ముక్క మడిచి సందులో పెట్టి చూసుకుంటూ మళ్లీ బిగించాడు. అరగంట పట్టింది.

"ఎంతివ్వాలి తాతా?" అన్నాను.

"ఏటి బాబూ, నేనేటేసినాను? చూసినాను, అంతే."

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వారం వ్యాసం దాని గురించే.

*

"పాత రోజుల్లో పనివాళ్లు నిజాయితీగా ఉండేవాళ్లండీ. ఇప్పుడంతా మోసం." ఈ మాట మీరూ వినుంటారు. మిక్సీ తీసుకెళ్తే మోటార్ పోయిందంటారు. ఫోన్ తీసుకెళ్తే బోర్డు పోయిందంటారు. జబ్బేమిటో కనిపెట్టే ఓపిక ఎవరికీ లేదు, పార్టు మార్చడమే వైద్యం. అందులో నిజముంది, కాదనను. కానీ ఆ "పాత రోజుల" నిజాయితీ ఎక్కడి నుంచి వచ్చిందో, దాని ధర ఎవరు కట్టారో కూడా చెప్పుకోవాలి కదా.

మాది కడప జిల్లా. మాదిగోళ్లం. మా తాత కపిల తొండాలు కుట్టేవాడు. కపిల అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడే ఏర్పాటు. నీళ్లు కాలువలోకి వదిలే తోలు గొట్టమే తొండం. చచ్చిన గొడ్డు తోలు తీసి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, కోసి, కుట్టి రైతు చేతికిచ్చేదాకా పనంతా మా ఇంటిదే.

దీనికి పనికింత అని కూలి లేదు. ఏడాదికోసారి కళ్లంలో మేర కొలిచేవాళ్లు. తొండం ఏడాదిలో ఒకసారి చిరిగినా పదిసార్లు చిరిగినా మేర అంతే. అంటే తొందరగా చిరిగే పని చేస్తే నష్టపోయేది మా తాతే. రాత్రి పదింటికి కబురొచ్చినా పోయి ఉత్తపుణ్యానికి కుట్టాలి. కాబట్టి గట్టిగా కుట్టాడు. ఎందుకు చిరిగిందో కనిపెట్టాడు. పైకి నిజాయితీగా కనిపించేదాంట్లో సగం ఈ లెక్కే. మిగతా సగం భయం.

మా నాయన చెప్పిన సంగతి ఒకటుంది. ఒక రైతు తొండం నెలలో మూడుసార్లు ఒకే చోట చిరిగింది. మా తాతను ఆ బావి గట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. దూరంగా కూర్చుని చిరుగునే చూశాడు. అరుగుదల ఒకే వైపుంది, అంచు నున్నగా కోసినట్టుంది. తప్పు తోలుది కాదు, గిలక వంకరపోయి తోలును రాయికేసి రాస్తోంది. ఇరుసు కంటితో చూడకుండానే జబ్బు పట్టేశాడు. కానీ ఆ మాట రైతుకు చెబితే? "నా గిలకకు వంక పెట్టేంతోడివా" అని చెయ్యి చేసుకున్నాడట. పని నిజాయితీగా చేయాలి, నిజం మాత్రం నోటితో చెప్పకూడదు. ఆ రోజుల నిజాయితీకి హద్దు అదీ.

అందుకే "ఆ రోజులే బాగుండేవి" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బాగుండేవి నిజమే. గట్టు మీదున్న వాళ్లకు.

*

ఇప్పుడు భాష సంగతి. నా చదువు అదే కాబట్టి ఓపిక పట్టండి.

నన్ను ఊళ్లో "మాస్టారూ" అంటారు. మోటార్లు బాగుచేసే మనిషిని "మేస్త్రీ" అంటారు. మాస్టారు ఇంగ్లీషు నుంచి వచ్చింది. మేస్త్రి పోర్చుగీసు "మెస్త్రె" నుంచి వచ్చింది. రెండూ ఒకే లాటిన్ మాటకు పుట్టిన అన్నదమ్ములు. అర్థం కూడా ఒకటే, విద్య తెలిసినవాడు, గురువు. కానీ మన దేశంలో ఒకరికి కుర్చీ వేశారు, ఇంకొకరిని నేల మీద కూర్చోబెట్టారు. పని పంచుకోవడం వేరు, పనిచేసే మనుషుల్ని మెట్ల మీద పేర్చడం వేరు అని 1936లోనే అంబేద్కర్ విడమరిచి చూపించాడు. మాస్టారికీ మేస్త్రికీ మధ్య ఉన్నది ఆ మెట్టే.

జాషువా 1941లో "గబ్బిలం" రాసి, చెప్పులు కుట్టే మనిషిని కావ్యనాయకుణ్ణి చేశాడు. కంచ ఐలయ్య మాదిగల తోలుపనిని విజ్ఞానశాస్త్రంగా లెక్కగట్టమన్నాడు. సాహిత్యంలో, సిద్ధాంతంలో కుర్చీ దొరికింది. రిపేరు షాపు ముందు మాత్రం ఇంకా దొరకలేదు.

*

చింతపల్లిలోనే మా పాత విద్యార్థి ఒకడు ఐటీఐ చేసి చిన్న షాపు పెట్టాడు. మిక్సీలు, ఫ్యాన్లు, మోటార్లు చూస్తాడు. ఒకరోజు నిలదీశాను, "నువ్వు కూడా బోర్డు మార్చేయడమేనారా?" అని.

వాడు సూటిగా చెప్పాడు. "సార్, బోర్డు మారిస్తే నాకు మూడొందలు మిగులుతాది. ఫాల్టు కనిపెట్టాలంటే రెండు గంటలు పోతాది. తీరా చూస్తే పది రూపాయల కెపాసిటరు. రెండొందలు అడిగితే, పది రూపాయల దానికి రెండొందలేటి అని గొడవ. బోర్డు అంటే నోరెత్తకుండా ఇస్తారు. నిజం చెప్తే దొంగ, అబద్ధం చెప్తే మంచి మెకానిక్కు. మీరే చెప్పండి సార్, ఏటి చెయ్యాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే కిందటేడు మా ఇంట్లో మోటార్ చూసిన కుర్రాణ్ణి నేనూ అదే అడిగాను. "ఏం వేశావని మూడొందలు?" కపిల తొండాలు కుట్టినోడి మనవణ్ణి, పీహెచ్‌డీ చేసినవాణ్ణి, అచ్చం ఆ గట్టు మీది రైతులాగే అడిగాను.

డాక్టరు చెయ్యి పట్టుకుని చూసినందుకు ఫీజు ఇస్తాం. లాయరు కాగితం చదివినందుకు ఇస్తాం. మేస్త్రి చూసినందుకు ఇవ్వం. వస్తువుకు ఇస్తాం, చూపుకు ఇవ్వం. దాంతో అతను తన చూపు కూలిని వస్తువు ధరలో దాచుకుంటాడు. దాన్నే మనం మోసం అంటాం.

ఇదంతా మన తప్పే అనడం లేదు. పైన కంపెనీలున్నాయి. 1924లోనే ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ పేరుతో జట్టుకట్టి, బల్బు ఆయుష్షు వెయ్యి గంటలు దాటకుండా కట్టడి చేశాయి. దాటితే జరిమానా. ఇవాళ విప్పడానికి వీల్లేకుండా అతికించిన ఫోన్లు, విడిగా దొరకని పార్టులు ఆ దారిలోవే. 2022లో కేంద్ర ప్రభుత్వం "రిపేరు హక్కు" మీద కమిటీ వేసింది. మంచిదే. అయితే ఆ హక్కు కొనుక్కున్నవాడి వైపు నుంచి మొదలవుతుంది. బాగుచేసేవాడి హక్కు సంగతేంటి?

*

నేనీ మాట రాస్తున్న చోటు కూడా ఊరకే చోటు కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వచ్చే దారి చరిత్ర చదవండి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనంతో అరకొర కూలికి రోడ్డు పని చేయించాడు. ఆ కడుపుమంట కూడా 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద జరిగిన దాడి వెనక ఉంది. చేసిన పనికి కూలి ఎగ్గొడితే ఏమవుతుందో ఈ మట్టికి తెలుసు.

పార్టులు పైకొచ్చేది ఇప్పుడు ఆ దారినే. బాగుపడగల మిషన్లు తుక్కుగా కిందికి దిగేదీ ఆ దారినే.

కొండకమ్మర తాత కొడుకు ఆటో నడుపుతున్నాడు. తప్పు పట్టను. నేనూ తోలుపని నేర్చుకోలేదు, మా నాయన నేర్చుకోనివ్వలేదు. ఆ కంపులోంచి, ఆ దెబ్బల్లోంచి బయటపడటమే మాకు విముక్తి. కులవృత్తులు తిరిగి రావాలని నేను అడగను. కులం పోవాలి, చూపు మిగలాలి. ఐటీఐలో పార్టు మార్చడంతో పాటు జబ్బు కనిపెట్టడాన్నీ పాఠంగా చెప్పాలి. ఆ తాతలాంటి వాళ్లను పిలిచి, కుర్చీ వేసి, గౌరవ వేతనమిచ్చి పాఠం చెప్పించాలి.

మనవైపు నుంచి ఒక్కటి చేద్దాం. ఈసారి రిపేరుకు వెళ్తే, విప్పకముందే అడగండి. "బాబూ, చూసినందుకు ఎంత?" మిషన్ బాగుపడినా పడకపోయినా అది ఇచ్చి రండి.

ఆ సాయంత్రం తాత చేతిలో రెండొందలు పెట్టాను. "దేనికి బాబూ?" అన్నాడు మళ్లీ.

"చూసినందుకు తాతా."

నోటు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వి, మడిచి గోచీలో దోపుకున్నాడు.

జై భీమ్.