పాపసంకీర్తనమునకు ముందు వాక్యపు వెలుగు



మూడు నదులు కలిసే కందకుర్తి ఉన్న మన జిల్లాలోనే డిచ్‌పల్లి ఉన్నది. 1915లో మెథడిస్టు మిషనరీ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి స్థాపించారు. ఆ వ్యాధి గుర్తు మీకు తెలుసు. చర్మముపై మచ్చ వచ్చును, అక్కడ స్పర్శ ఉండదు. నొప్పి లేదు గనుక రోగి నాకేమీ లేదనుకొనును. వైద్యుడు దూదితో తాకి చూచినప్పుడే సంగతి బయటపడును. ఆ రోగము పాపము కాదు. అయితే మన మనస్సాక్షి కూడ అట్లే మొద్దుబారును.

లూకా 17లో పదిమంది కుష్ఠురోగులను యాజకులకు కనుపరచుకొనుడని ప్రభువు పంపెను. గురువునొద్ద పాపములు చెప్పుకొనుటకు మధ్యయుగపు బోధకులు ఈ మాటను ఆధారముగా చూపిరి. 1215లో నాల్గవ లాటరన్ మహాసభ, విశ్వాసి ఏటా ఒక్కసారైనను పాపసంకీర్తనము చేయవలెనని నిర్ణయించెను. కాల్విను ఆ వ్యాఖ్యానమును ఒప్పుకొనలేదు. లూథరు 1517లో, విశ్వాసి జీవితమంతయు పశ్చాత్తాపమే కావలెనని చెప్పెను. అయినను ఆయన ఒప్పుకోలును కొట్టివేయలేదు. పది ఆజ్ఞల వెలుగులో నిన్ను నీవు చూచుకొనుమని తన చిన్న కాటికిజములో నేర్పెను. 1973లో కతోలిక సంఘము ప్రకటించిన నూతన క్రమములోను లేఖన పఠనమునకు స్థానమిచ్చిరి.

చూచితిరా ప్రియులారా! క్షమాపణ ఎవరి నోట వినవలెనను విషయములో మనకును వారికిని భేదమున్నది. మనము 1 యోహాను 1:9ని పట్టుకొని నేరుగా దేవుని యొద్దకు వెళ్లుదుము. కాని వాక్యము ముందు, ఒప్పుకోలు తరువాత అన్న సంగతిలో ఇద్దరమును ఒక్కచోటికే వచ్చితిమి.

దావీదును చూడండి. పేదవాని గొఱ్ఱెపిల్ల కథ విని మండిపడెను గాని, ఆ దొంగ తానేనని ఎరుగలేదు. నాతాను వేలెత్తి చూపిన తరువాతనే ఆయన నోరు తెరిచి పాపము ఒప్పుకొనెను (2 సమూయేలు 12).

కాబట్టి వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందు, లూకా 19లోని జక్కయ్య వృత్తాంతమును మెల్లగా రెండుసార్లు చదువుడి. తూకములో ఎవరికైనా తగ్గించితిమా? చెరకు కోసిన కూలీకి బాకీ ఉన్నామా? పొలము గట్టు కొరకు తోడబుట్టినవానితో మాట మానితిమా? “ప్రభువా, నేను పాపిని” అని ఊరకే అనుట సులువు. ఆ పాపమును పేరుపెట్టి చెప్పుట కష్టము. జక్కయ్య చెప్పి ఊరకుండక, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను.

స్పర్శ లేని చోటును వాక్యము తాకనిమ్ము. అక్కడ నొప్పి పుట్టినయెడల భయపడకుము. స్వస్థత అక్కడనే మొదలగును. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.