పొగరాని పొయ్యికి ప్రాణం పొగగొట్టమే

(ప్రత్యేక వ్యాసం)

కట్టెల పొయ్యికి పొగగొట్టం అమర్చినంత మాత్రాన వంటింటి పొగ సమస్య తీరిపోదు. గొట్టాన్ని తగిన చోట, తగిన ఎత్తున నిలపాలి. అందులో పేరుకొనే మసిని క్రమం తప్పక తీయాలి. ఈ రెండూ జరిగినప్పుడే ఆ పొయ్యి ఇల్లాలి ఆరోగ్యానికి, ఇంటి భద్రతకు రక్షణ కాగలదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి ఉజ్వల యోజన వంటగ్యాసును పల్లెలకు చేర్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శుభ్రమైన ఇంధనంతో వంట చేసుకొనే కుటుంబాలు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం. దేశమంతటా చూస్తే ఇది 59 శాతానికి మించలేదు. గ్యాసు ఉన్న ఇళ్ళలో సైతం స్నానానికి నీళ్ళు కాచేందుకు, పెద్ద వంటలకు కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉన్నది. ఇంటిలోపలి పొగ కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది అకాల మరణం పాలైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

గతం నేర్పిన పాఠం

పొగరాని పొయ్యి తెలుగువారికి కొత్త కాదు. 1950లలోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు పొగగొట్టంతో కూడిన మట్టి పొయ్యిని రూపొందించారు. 1980లలో కేంద్రం చేపట్టిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం 2002 వరకు సాగింది. కోట్లాది పొయ్యిలు పంపిణీ అయ్యాయి. కాని వాటిలో అనేకం కొద్దికాలానికే మూలపడ్డాయి.

ఒడిశా గ్రామాల్లో నాలుగేళ్ళపాటు సాగిన ఒక అధ్యయనం ఇందుకు కారణాన్ని వెల్లడించింది. రెమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ జరిపిన ఈ అధ్యయనం ప్రకారం, మెరుగైన పొయ్యిల వల్ల మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గినా, ఆ తరువాత ఆ ప్రయోజనం నిలువలేదు. పొయ్యిలను క్రమంగా వాడకపోవడం, మరమ్మతులు చేయించకపోవడం ఇందుకు ముఖ్య హేతువులు.

అమర్చే పద్ధతి

పొయ్యిని గాలి నేరుగా కొట్టే గుమ్మానికి ఎదురుగా గాక, వెలుతురు, కిటికీ ఉన్న చోట కట్టాలి. గొట్టం వీలైనంత నిటారుగా ఉండాలి. వంపులు పెరిగిన కొద్దీ పొగ లాగే శక్తి తగ్గి మసి త్వరగా పేరుకుంటుంది. గొట్టం కొస కప్పును దాటి కనీసం 60 సెంటీమీటర్ల పైకి రావాలి. అది నడికొప్పుకు దిగువన ముగిస్తే గాలి సుడి తిరిగి పొగ వెనక్కి తన్నే ప్రమాదం ఉన్నది. వాన నీరు దిగకుండా కొసన టోపీ, మసి తీసేందుకు అడుగున మూతగల రంధ్రం తప్పనిసరి.

పూరిళ్ళలో మరింత జాగ్రత్త అవసరం. వేడెక్కిన రేకు గొట్టం తాటాకుకు, గడ్డికి, వాసాలకు తగలరాదు. అటువంటి ఇళ్ళకు దూరంగా రేకుల లేదా పెంకుల వంటపాక వేసుకోవడం క్షేమకరం. పాత ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలను కోయడం, పగలగొట్టడం, గీకడం చేయరాదు. వాటి ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

నిర్వహణ

పొయ్యిలో బూడిదను ఏరోజు కారోజు తీయాలి. నిత్యం వాడే పొయ్యి గొట్టాన్ని నెలకొకసారైనా, పూర్తిగా చల్లారిన తరువాత, ముక్కుకు గుడ్డ కట్టుకొని శుభ్రం చేయాలి. తాడుకు కట్టిన గుడ్డ లేదా కుచ్చు ఇందుకు చాలును. పగుళ్ళు కనబడితే మట్టి, పేడ కలిపి వెంటనే మెత్తాలి. పచ్చి కట్టెలు వాడితే పొగతోపాటు తారు గొట్టానికి అంటుకుంటుంది. ఆ తారే తరువాత నిప్పంటుకొనేది. కనుక కట్టెలను చీల్చి, ఎండబెట్టి, వాన తగలని చోట నిలువ చేసుకోవాలి. పొయ్యి మీద గిన్నె పెట్టకుండా ఒక రంధ్రాన్ని తెరచి ఉంచితే పొగ గొట్టం వైపు పోక గదిలోకి వస్తుంది.

గొట్టంలో నిప్పంటుకుంటే పొయ్యి నోరు మూసి, అందరినీ బయటకు పంపి, 101కు తెలియజేయాలి. కాలుతున్న గొట్టంలో నీళ్ళు పోయరాదు. అది పగిలి మంట ఇంట్లోకి రావచ్చును. చలికాలంలో నిప్పుల కుంపటిని తలుపులు మూసిన గదిలో ఉంచుకొని నిద్రించడం ప్రాణాంతకం. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు.

అధికారుల పాత్ర

గ్రామాల్లోను, కట్టెలపై వంట సాగుతున్న పాఠశాలలు, వసతి గృహాలు, అంగన్‌వాడీ కేంద్రాల్లోను పొయ్యి ఉన్నదా అని మాత్రమే గాక, గొట్టం చివరిసారి ఎప్పుడు శుభ్రపరిచారో కూడా తనిఖీలో నమోదు చేయాలి. గ్రామానికి ఒకరిద్దరు మేస్త్రీలకు మరమ్మతులో శిక్షణ ఇవ్వాలి. పంపిణీ చేసిన పొయ్యిల లెక్క కంటే, ఏడాది తరువాత కూడా పొగ బయటికి పంపుతున్న పొయ్యిల లెక్కే కార్యక్రమ సాఫల్యానికి కొలబద్ద కాగలదు.