గుంపు మాట, సొంత చూపు: ప్రయోగాల చరిత్ర

నలుగురి మాటకు తలొగ్గే గుణాన్ని, మనవాళ్ళు-పరాయివాళ్ళు అనే తేడాను ప్రయోగాలతో పరీక్షించిన మనస్తత్వవేత్తల్లో ముజఫర్ షెరీఫ్, సోలమన్ యాష్, హెన్రీ తాజ్‌ఫెల్ ముఖ్యులు. షెరీఫ్ పుట్టింది తుర్కియేలో, మిగతా ఇద్దరూ పోలండ్‌లో పుట్టిన యూదులు. ముగ్గురూ పుట్టిన దేశం వదిలి పరాయి దేశాల్లో స్థిరపడ్డారు.

షెరీఫ్ 1935లో ప్రచురించిన ప్రయోగం చీకటి గదిలో జరిగింది. కటిక చీకట్లో కదలని వెలుగు చుక్కను చూస్తూ ఉంటే అది కదులుతున్నట్టే అనిపిస్తుంది. ఎంత దూరం కదిలిందని విడివిడిగా అడిగితే ఎవరి లెక్క వాళ్ళు చెప్పారు. కలిపి కూర్చోబెట్టి అడిగితే లెక్కలన్నీ ఒకచోటికి చేరాయి. ఆ తర్వాత ఒంటరిగా అడిగినా గుంపులో కుదిరిన లెక్కనే చెప్పారు.

యాష్‌కు ఇది చాలలేదు. అసలు సరైన జవాబే లేనిచోట పక్కవాడి మాట వినడం తెలివైన పనే కావచ్చు. జవాబు కళ్ళ ముందే కనిపిస్తున్నప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది ఆయన ప్రశ్న. 1951లో వెలువడిన ఆయన ప్రయోగంలో ఏడెనిమిది మంది విద్యార్థులు వరుసగా కూర్చుంటారు. ఒక అట్ట మీద ఒక గీత, రెండో అట్ట మీద మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటిదానితో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలైనా చెప్పగలిగేంత తేలిక. వరుసలో ఒక్కడు తప్ప మిగతా అందరూ యాష్ ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్ళు. 18 విడతల్లో 12 సార్లు వాళ్ళంతా ఒకే తప్పు జవాబు చెబుతారు. అసలు పరీక్ష ఎదుర్కొంటున్న వాడి వంతు దాదాపు చివరికి వస్తుంది. అప్పటికే అతను అయోమయంలో పడతాడు, అట్టల వంక మళ్ళీ మళ్ళీ చూస్తాడు, ఇబ్బందిగా నవ్వుతాడు.

ఒంటరిగా జవాబిచ్చినప్పుడు తప్పులు నూటికి ఒకటి కూడా లేవు. గుంపు ఎదుట అవి సుమారు 37 శాతానికి పెరిగాయి. తర్వాత అడిగితే, తమ చూపులోనే లోపం ఉందేమో అనుకున్నామని కొందరన్నారు. నిజం కనిపిస్తున్నా నలుగురిలో వేరుపడటం ఇష్టంలేక ఊరుకున్నామని మరికొందరు ఒప్పుకున్నారు.

మనుషులు గొర్రెల మందలాంటి వాళ్ళని ఈ ప్రయోగం రుజువు చేసినట్టు చాలా పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అది యాష్‌కు అన్యాయం చేయడమే. అంత ఒత్తిడిలోనూ మూడింట రెండు వంతుల జవాబులు సరైనవే. దాదాపు పాతిక శాతం మంది ఒక్కసారి కూడా లొంగలేదు. తన 1956 నాటి అధ్యయనానికి పేరు పెట్టేటప్పుడు ఆయన స్వాతంత్ర్యాన్నే ముందు ఉంచాడు, అనుసరణను తర్వాత.

ఆయన చేసిన మార్పుల్లోనే అసలు సారం ఉంది. వరుసలో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది. ఆ తోడు మధ్యలో గుంపు వైపు ఫిరాయిస్తే మళ్ళీ పెరిగింది. అదే తోడు కళాశాల అధికారి పిలిచారని లేచి వెళ్ళిపోతే మాత్రం, వెనక మిగిలినవాడిలో ఆ ధైర్యం చాలావరకు నిలిచింది. ఒక్క మనిషి నిజం చెప్పి వెళ్ళినా వృథా కాదని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు అరుదు.

1980లో బ్రిటన్‌లో పెరిన్, స్పెన్సర్ విజ్ఞానశాస్త్ర విద్యార్థులతో ఇదే పరీక్ష చేస్తే 396 విడతల్లో ఒక్కసారే లొంగుబాటు కనిపించింది. 17 దేశాల్లో జరిగిన 133 అధ్యయనాలను 1996లో బాండ్, స్మిత్ కలిపి చూసి, అమెరికాలో 1950ల తర్వాత లొంగుబాటు తగ్గిందని తేల్చారు.

ఇక మనవాళ్ళు-పరాయివాళ్ళు అనే తేడా సంగతి. షెరీఫ్ 1954లో ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ పార్కులో 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి పోటీలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. ఇరు జట్లూ కలిస్తేగాని తీరని పనులు వరుసగా ఇచ్చాక పగ తగ్గింది. అంతకు ముందు ఏడాది చేసిన ఇలాంటి ప్రయత్నం మాత్రం బెడిసికొట్టింది. అప్పటికే స్నేహితులైపోయిన పిల్లలు తగవులాడుకోలేదు. పిల్లలకు తెలియకుండా వాళ్ళని ఇలా రెచ్చగొట్టడం తప్పన్న విమర్శ న్యాయమైనదే.

పోటీ కూడా లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న తాజ్‌ఫెల్‌ది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు బందీగా చిక్కి, పోలండ్ యూదుడినన్న సంగతి దాచి బతికినవాడాయన. తిరిగి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. బ్రిస్టల్‌లో ఆయన బడిపిల్లలను క్లే, కాండిన్‌స్కీ అనే చిత్రకారుల్లో ఎవరి బొమ్మలు నచ్చాయన్న మిషతో రెండుగా విడదీశాడు. ఈ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. తమ జట్టులో ఇంకెవరున్నారో పిల్లలకు తెలియదు, పంచే డబ్బులో తమ వాటా లేదు. ఒక పట్టికలో తమ జట్టువాడికి 19 ఇస్తే ఎదుటివాడికి 25 వెళ్తాయి, 13 ఇస్తే 13, 7 ఇస్తే 1. చాలామంది మొగ్గు సమాన వాటాకు దగ్గరగానే ఉంది కానీ 7-1 వైపుకు కాస్త జరిగింది. ఎదుటి జట్టుకంటే పైన ఉండటం కోసం తమవాడికి రావలసినదే కొంత వదులుకున్నారు. తీసుకునే ఇద్దరూ ఒకే జట్టువాళ్ళైతే, అది పరాయి జట్టైనా సరే, న్యాయంగానే పంచారు.

1992లో జర్మనీలో అమేలీ ముమ్మెండే బృందం డబ్బుకు బదులు అప్రియమైన శబ్దాన్ని పంచమంది. మేలు పంచేటప్పుడు కనిపించిన పక్షపాతం కీడు పంచేటప్పుడు చాలావరకు మాయమైంది. తమ జట్టు చిన్నదనో తక్కువదనో అనిపించినచోట మాత్రం మళ్ళీ తల ఎత్తింది.